రాజ్యమునకు లెక్క వ్రాసినవాడు: అలెగ్జాండరు హామిల్టను జీవితము

రాజ్యములను స్థాపించినవారి చరిత్రములలో యుద్ధములకు దొరకిన తావు లెక్కలకు దొరకదు. కత్తి పట్టినవానిని కవులు కీర్తింతురు. యుద్ధము ముగిసిన పిమ్మట బాకీలెన్ని, వసూలెంత, ఖజానాలో నిలువ యెంత అని దీపము ముందు కూర్చుండి చూచినవానిని తలచువారరుదు. గ్రామలెక్కలతో జీవితము గడపిన నాకు ఈ విషయమున కొంత పక్షపాతముండుట సహజము. అందుచేత మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహాపురుషుని జీవితము వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు అలెగ్జాండరు హామిల్టనును ఎన్నుకొంటిని. ఆయన అమెరికా సంయుక్తరాష్ట్రముల తొలి ఆర్థికమంత్రి. ఆ దేశపు 10 డాలర్ల నోటుపై గల ముఖము ఆయనదే. ఆయన ఎన్నడును అధ్యక్షుడు కాలేదు. ఐనను అధ్యక్షులలో పలువురకు దక్కని స్థానము ఆయనకు దక్కెను. అది యెందువలన దక్కెనో, దానికాయన యేమి వెల యిచ్చెనో చెప్పుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

కరిబియను సముద్రమున నెవిసు అను చిన్న ద్వీపము కలదు. నడుమ నొక పెద్ద కొండ, దాని శిఖరమున తరచుగా మేఘము క్రమ్మియుండును. ఆ కాలమున అది ఆంగ్లేయుల యధీనమందుండెను. ఆఫ్రికా ఖండమునుండి పట్టి తెచ్చిన బానిసలు చెమటయు నెత్తురును ఓడ్చి అచ్చటి చెరకుతోటలలో పండించిన చక్కెర ఐరోపాకు పోవుచుండెను. ఆ ద్వీపమందలి చార్లెస్‌టౌను పట్టణమున జనవరి 11వ తేదీన హామిల్టను జన్మించెను. సంవత్సరము 1757 అని ఆయన చెప్పుకొనుచుండెను. కాని 1768లో తల్లి యాస్తిపై విచారణ జరిపిన న్యాయస్థానపు కాగితమున అతని వయస్సు 13 ఏండ్లని వ్రాయబడియున్నందున, 1755 అని పలువురు చరిత్రకారుల మతము. మనుష్యుని మాటకంటె లెక్కల కాగితమునకు ఆయువు మెండని దీనివలన తెలియుచున్నది.

తండ్రి జేమ్సు హామిల్టను స్కాట్లండు దేశపు గొప్పయింటివాడే గాని వ్యాపారమున చితికినవాడు. తల్లి పేరు రాచేలు. ఆమె పూర్వము వేరొకని భార్య. ఆ మొదటి భర్త పొందిన విడాకుల తీర్పు ఆమెకు పునర్వివాహమును నిషేధించెను. కనుక ఆమెకును జేమ్సునకును కలిగిన ఇరువురు కొడుకులను లోకము ధర్మసంతానముగా అంగీకరింపలేదు. మహాభారతమున కుమారాస్త్రవిద్యా ప్రదర్శన సమయమున కర్ణుని కులమడిగి తలవంపు చేసిన ఘట్టము మనకందరకును తెలిసినదే. హామిల్టనును ఆయన విరోధులు జీవితాంతమును అట్లే జన్మమడిగి అవమానించిరి. కర్ణుని వలెనే ఆయన ప్రతాపముతో వారికి ప్రత్యుత్తరమిచ్చెను. కర్ణుని వలెనే అభిమానమునకు బలియయ్యెను.

ఆ కుటుంబము డెన్మార్కువారి పాలనలోనున్న సెయింటు క్రోయి ద్వీపమునకు తరలివచ్చిన పిమ్మట తండ్రి వారిని విడిచిపోయెను. రాచేలు క్రిస్టియన్‌స్టెడ్ పట్టణమున చిన్న దుకాణము నడపి పిల్లలను పోషించెను. 1768 ఫిబ్రవరిలో తల్లికిని కొడుకునకును ఒకేసారి జ్వరము సోకెను. కొడుకు బ్రతికెను, తల్లి మరణించెను. న్యాయస్థానము ఆమె యాస్తినంతయు మొదటి వివాహమునందలి కుమారునకు ఇప్పించెను. ఈ బాలునకు మిగిలినదేమియు లేదు. ఆ యింట 34 పుస్తకములుండెను. అవియు వేలమునకు వచ్చెను. కుటుంబహితుడొకడు వానిని కొని బాలునకు తిరిగి యిచ్చెను. చదువరులారా! ఆ వేలమున ఆ పుస్తకములు పరులపాలైనచో ఈ చరిత్ర వ్రాయవలసిన పనియే నాకు కలిగియుండెడిది కాదేమో! మన గ్రంథాలయమునకు పుస్తకములు దానమిచ్చిన మహాశయులు ఈ సంగతిని గుర్తుంచుకొందురుగాక.

బాలుడు బీక్మను, క్రూగరు అను వర్తకుల కొట్టులో గుమాస్తాగా చేరెను. ఓడలు, సరకులు, ధరలు, పలుదేశముల నాణెముల మారకము, ఇవియే అతనికి బడి. 1771లో యజమాని క్రూగరు అస్వస్థుడై న్యూయార్కు పోగా ఐదు నెలలు కొట్టు భారమంతయు అతడే వహించెను. ఒక ఓడలో బక్కచిక్కిన కంచరగాడిదలు వచ్చినప్పుడు వానిని తొందరపడి అమ్మక, పచ్చికలో మేపించెను. ఓడ నాయకులను హెచ్చరించుచు, బాకీదారులను తొందరచేయుచు ఆ పసివాడు వ్రాసిన ఉత్తరములు పండిన షావుకారు వ్రాసినట్లుండును. ఆ కొట్టు వ్యాపారములో మానవుల క్రయవిక్రయములు కూడ కలవని చెప్పక తప్పదు. చక్కెర మూటల పద్దు ప్రక్కనే మనుష్యుల పద్దును అతడు చిన్ననాడే చూచెను.

1772 ఆగస్టు 31న ఆ ద్వీపముపై ఘోరమైన గాలివాన విరుచుకొనిపడెను. మన తీరవాసులకు అట్టి ఉపద్రవమును వర్ణించి చెప్పనక్కరలేదు. హామిల్టను ఆ ప్రళయమును వర్ణించుచు తండ్రికొక లేఖ వ్రాసెను. హ్యూ నాక్సు అను మతాచార్యుని ప్రోద్బలమున ఆ లేఖ స్థానిక పత్రికలో ప్రకటింపబడెను. చదివిన పెద్దలు ఆశ్చర్యపడి, చందాలు వేసికొని ఆ బాలుని చదువునకై ఉత్తర అమెరికాకు పంపిరి. గాలివాన పలువురి యిండ్లు కూల్చెను. ఒక్కని భవిష్యత్తునకు మాత్రము ద్వారము తెరచెను. మరల ఆయన ఆ ద్వీపములకు పోలేదు.

న్యూయార్కులోని కింగ్సు కళాశాలలో, నేటి కొలంబియా విశ్వవిద్యాలయమున, ఆయన చదువుచుండగనే ఆంగ్లప్రభుత్వముతో వలసల తగవు ముదిరెను. ఇరువదియేండ్లు నిండీ నిండని విద్యార్థి రాజపక్షపు పండితుని వాదములను ఖండించుచు చిన్న పుస్తకములు ప్రకటించెను. 1776లో న్యూయార్కు ఫిరంగిదళమునకు కెప్టెనయ్యెను. ఆ దళమునకు జీతముల చిట్టా ఒకటి ఆయనయొద్ద నుండెను. దాని ముందుపుటలలో సైనికుల జీతములును, ఖాళీగానున్న వెనుకపుటలలో గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్కు గ్రంథమునుండియు వర్తకనిఘంటువునుండియు ఎత్తి వ్రాసికొన్న విషయములును కలవు. గుడారములో దీపము క్రింద, లెక్కల పుస్తకముననే ప్రాచీనుల చరిత్రములను అభ్యసించిన ఈ యువకునిపై నాకు గల యభిమానమును చదువరులు క్షమింతురుగాక.

1777 మార్చిలో సర్వసేనాని జార్జి వాషింగ్టను ఆయనను తన ఆంతరంగిక సహాయకునిగా చేర్చుకొనెను. నాలుగేండ్లు సేనాని లేఖలు వ్రాసెను. 1780 డిసెంబరు 14న ఆల్బనీ నగరమున షూలరు సేనాని కుమార్తె ఎలిజబెత్తును వివాహమాడెను. కాని రణరంగమున కీర్తి గడింపవలెనను కోరిక ఆయనను వదలలేదు. 1781 అక్టోబరు 14వ తేదీ రాత్రి యార్కుటౌను కోటయొద్ద ఆంగ్లేయుల పదవనంబరు బురుజుపై దాడికి ఆయన నాయకత్వము వహించి దానిని పట్టుకొనెను. ఐదు దినములకు ఆంగ్లసేన లొంగిపోయెను. ఆ సేనాపతి కారన్‌వాలీసు. ఈ పేరు మనకు క్రొత్తది కాదు. అమెరికాలో ఓడిన ఈ ప్రభువే 1786లో మనదేశమునకు గవర్నరు జనరలుగా వచ్చి, 1793లో వంగదేశమున శాశ్వత శిస్తు నిర్ణయము గావించెను. ఆ పద్ధతియే 1802 మొదలు మన ఉత్తర సర్కారులలో జమీందారీలను పాతుకొనజేసెను. యార్కుటౌను బురుజు మన పొలముగట్లకు ఇంత దగ్గర!

స్వాతంత్ర్యము వచ్చెను గాని ఖజానా ఖాళీ. కేంద్రప్రభుత్వమునకు పన్ను వేయు అధికారమే లేదు. పదమూడు రాష్ట్రములు ఎవరి దారి వారిదిగా నుండెను. 1787లో ఫిలడెల్ఫియా నగరమున క్రొత్త రాజ్యాంగము వ్రాయబడినప్పుడు సంతకము చేసిన 39 మందిలో న్యూయార్కు పక్షమున హామిల్టను ఒక్కడే యుండెను. ఆ రాజ్యాంగమును ప్రజలంగీకరించుటకై ఫెడరలిస్టు పేర 85 వ్యాసములు వెలువడెను. అందు 51 హామిల్టనువి, 29 మాడిసనువి, 5 జేయివి. 1788 జూలై 26న న్యూయార్కు సభ 30 ఓట్లకు 27 ఓట్ల తేడాతో దానిని ఆమోదించెను. మూడు ఓట్లు! కలము లేనిచో ఆ మూడు ఓట్లు ఎటు పోయెడివో!

1789 సెప్టెంబరు 11న వాషింగ్టను ఆయనను ఆర్థికమంత్రిగా నియమించెను. ఇక్కడినుండి ఆయన జీవితమున అసలు ఘట్టము. కేంద్రమునకు యుద్ధకాలపు ఋణము సుమారు 5 కోట్ల 40 లక్షల డాలర్లు. రాష్ట్రముల ఋణము ఆయన యంచనా ప్రకారము 2 కోట్ల 50 లక్షలు. అప్పు ఎగవేయుదమనువారు కొందరు. తగ్గించి యిత్తమనువారు కొందరు. హామిల్టను 1790 జనవరిలో కాంగ్రెసునకు సమర్పించిన నివేదికలో ఒక్క డాలరైనను ఎగవేయరాదనియు, రాష్ట్రముల ఋణములు కూడ కేంద్రమే వహింపవలెననియు సిద్ధాంతము చేసెను. అప్పు పుచ్చుకొన్నది స్వాతంత్ర్యమునకై గనుక, ఆ పత్రము స్వాతంత్ర్యమునకు చెల్లింపవలసిన వెలయని ఆయన తలంపు. మాట నిలుపుకొనుటకై ఆలుబిడ్డలనమ్మిన హరిశ్చంద్రుని కథ విని పెరిగిన మనకు ఈ ధర్మము వింతగా తోచదు.

కాని ఇందొక చిక్కు కలదు. జీతమునకు బదులు ప్రోనోటువంటి పత్రములు పుచ్చుకొన్న సైనికులు ఆకలికి తాళలేక వానిని నాలుగవ వంతు ధరకును అంతకు తక్కువకును వ్యాపారులకు అమ్ముకొనియుండిరి. ఇప్పుడు పూర్తి సొమ్ము ఎవనికి? తొలి సైనికునకు కూడ భాగమీయవలెనని మాడిసను వాదించెను. పత్రము ఎవని చేతనున్న వానికే చెల్లవలెననియు, కాదన్నచో ప్రభుత్వపు కాగితమును ఇక నెవ్వరును నమ్మరనియు హామిల్టను పట్టుపట్టి నెగ్గెను. రైతు కష్టమెరిగిన మనకు సైనికునిపై జాలి కలుగక మానదు. లెక్కల న్యాయము హామిల్టను పక్షమున నుండెను; కన్నీటి న్యాయము రెండవ పక్షమున నుండెను. ఆ కన్నీటి పద్దు నేటికిని తీరలేదని నా యభిప్రాయము.

రాష్ట్రఋణముల విషయమున దక్షిణాదివారు ఎదురు తిరిగిరి. వర్జీనియావంటి రాష్ట్రములు తమ అప్పులో చాలభాగము అప్పటికే తీర్చియుండెను. పరుల అప్పు మేమేల మోయవలెనని వారడుగుట న్యాయమే. 1790 జూనులో జెఫర్సను ఇంట జరిగిన విందులో రాజీ కుదిరెను. రాజధాని పది సంవత్సరములు ఫిలడెల్ఫియాలోనుండి తరువాత దక్షిణమున పోటోమాకు నదీతీరమునకు పోవునట్లును, ఋణభారము కేంద్రమునకు వచ్చునట్లును ఒప్పందమయ్యెను. నేటి వాషింగ్టను మహానగరము ఆ విందుబల్లయొద్ద మొలచినదే.

1791లో కోటి డాలర్ల మూలధనముతో జాతీయ బ్యాంకును, 1792లో టంకశాలను నెలకొల్పించెను. పరిశ్రమలపై గొప్ప నివేదిక వ్రాసెను. న్యూజెర్సీలోని ప్యాటర్‌సను పట్టణము పస్సాయికు నదీ జలపాతపు బలముతో యంత్రములు నడపుటకై ఆయన ప్రోత్సాహమున వెలసినదే. సారాయిపై ఆయన విధించిన సుంకమునకు పశ్చిమపు కొండ రైతులు తిరగబడగా, 1794లో సుమారు 13,000 మంది సైన్యముతో ప్రభుత్వము కదలెను. రైతులు చెదరిపోయిరి. అధికారము నిలిచెను గాని, పేదరైతుపై ఇంత సేనయా యని అడిగినవారు లేకపోలేదు.

ఇంతటి ధనము చేతిమీదుగా నడపినవానిపై అపవాదు రాక తప్పునా? 1791లో ఆయన మేరియా రేనాల్డ్సు అను వివాహితతో అక్రమ సంబంధమున చిక్కుకొనెను. ఆమె భర్త ఆ గుట్టు పట్టుకొని ఆయనవద్ద వేయి డాలర్లకు పైగా గుంజెను. ఆ ధనము ప్రభుత్వపు సొమ్మని విరోధులు అనుమానించిరి. 1795లో పదవి విడిచిన పిమ్మట 1797లో ఆ నింద బహిరంగమయ్యెను. అప్పుడాయన చేసినది రాజకీయ చరిత్రలో అరుదు. తాను భార్యకు ద్రోహము చేసితిననియు, ఖజానాకు చేయలేదనియు సాక్ష్యములతో సహా అచ్చువేయించి లోకమునకు పంచెను. ప్రభుత్వపు పద్దు నిష్కళంకమయ్యెను. ఇంటి పద్దు మాసిపోయెను. ఆ వెల చెల్లించినది ఆయన ఒక్కడే కాదు, నిరపరాధియగు ఎలిజబెత్తు.

బానిసత్వము విషయమున కూడ ఆయన ఖాతా శుభ్రమైనది కాదు. న్యూయార్కులో బానిసల విడుదలకై 1785లో ఏర్పడిన సంఘమున ఆయన సభ్యుడు. ఐనను అత్తవారి తరఫున బానిసల క్రయవిక్రయములు నడపిన వ్రాతలు ఆయన నగదుపుస్తకములోనే కలవు. ఆయన స్వయముగ కూడ బానిసలనుంచుకొనెనని ఇటీవల కొందరు పరిశోధకులు వాదించుచున్నారు. తన చేతివ్రాతయే తనపై సాక్ష్యము చెప్పుట లెక్కల పుస్తకమునకు గల మహిమ.

1801 నవంబరులో పెద్దకుమారుడు ఫిలిప్పు, తండ్రిని నిందించినవానితో పిస్తోలుల ద్వంద్వయుద్ధమునకు దిగి మరణించెను. వయస్సు పందొమ్మిది. అంతటి పుత్రశోకము తరువాతనైనను ఆ దురాచారము తండ్రిని విడువలేదు. ఉపాధ్యక్షుడైన ఆరను బర్రు పదవీకాంక్షకు హామిల్టను పలుమారులు అడ్డుపడెను. 1804లో గవర్నరు ఎన్నికలో ఓడిన బర్రు, తన్ను గూర్చి హామిల్టను తూలనాడెనని పత్రికలో చూచి సమాధానమడిగెను. లేఖలు నడచెను, రాజీ కుదరలేదు. జూలై 1న హామిల్టను తన ఆస్తి అప్పుల పట్టిక వ్రాసి యుంచెను. తొలిగుండు శత్రువుపై ప్రయోగింపనని కూడ వ్రాసిపెట్టెను. జూలై 11వ తేదీ ఉదయమున హడ్సను నది దాటి వీహాకెను గట్టుమీద నిలిచెను. బర్రు గుండు తగిలి పడిపోయెను. మరునాడు మరణించెను.

కోట్ల డాలర్ల ప్రజాఋణమునకు దారి చూపిన మంత్రి తన కుటుంబమునకు అప్పులనే విడిచి పోయెను. మిత్రులు చందాలు పోగుచేసి ఆదుకొనిరి. తీర్చవలసిన బాకీ ఏదో, తీర్చనక్కరలేనిది ఏదో రాజ్యమునకు చెప్పగలిగినవాడు తన విషయమున చెప్పుకొనలేకపోయెను. పరువు పేర వచ్చిన ఆ దొంగ ప్రోనోటును ఆయన ప్రాణముతో చెల్లించెను. మన గ్రామములలోను పట్టుదలకు పోయి పొలములు, ప్రాణములు పోగొట్టుకొనువారు ఈ ఘట్టమును రెండుసార్లు చదువవలెను.

ఎలిజబెత్తు యాబదియేండ్లు వైధవ్యమనుభవించి, 1854లో 97వ యేట పరమపదించెను. భర్త కాగితములు ఒక్కొక్కటిగ పోగుచేసి కుమారునిచే చరిత్ర వ్రాయించెను. 1806లో ఇతర స్త్రీలతో గూడి న్యూయార్కున అనాథ శరణాలయము స్థాపించెను. తండ్రి లేని బాలుడై పెరిగిన భర్తకు ఇంతకంటె తగిన శ్రాద్ధమేది?

ఇక నేటి విచిత్రము వినుడు. 2004లో రాను చెర్నో అను రచయిత హామిల్టను జీవితమును పెద్ద గ్రంథముగ వ్రాసెను. 2008లో లిను మాన్యుయెలు మిరాండా అను యువకుడు సెలవులలో చదువుకొనుటకు ఆ పుస్తకము కొనెను. ఆతడు న్యూయార్కున పుట్టినవాడు. తల్లిదండ్రులు ప్యూర్టోరికో ద్వీపమువారు, అనగా హామిల్టను పెరిగిన సెయింటు క్రోయికి పొరుగువారు. ఈ కథకు హిప్‌హాప్ అను సంగీతమే తగునని ఆతనికి తోచెను. ఇది 1970వ దశకమున న్యూయార్కు నగరపు బ్రాంక్సు వాడలలో నల్లజాతి యువకులును కరిబియను దీవులనుండి వచ్చినవారును పుట్టించినది. తాళము వెంట మాటలను ప్రాసలతో గుప్పించుచు చెప్పుట దీని లక్షణము. బుర్రకథకుడు దరువు వేసి వేగముగ వచనము చెప్పునప్పటి ఊపును తలచుకొన్నచో చదువరులకు కొంత బోధపడును. 2009లో అమెరికా అధ్యక్షుని భవనమున ఆతడు ఒక్క పాట వినిపించెను. 2015 ఆగస్టులో నాటకము బ్రాడ్వే రంగస్థలమునకు వచ్చెను. మరుసటి యేట పులిట్జరు బహుమానమును, 11 టోనీ బహుమానములును పొందెను. 2020లో చలనచిత్ర రూపమున లోకమంతయు చూచెను.

మన రాయబార నాటకములలో కృష్ణుడును కౌరవులును పద్యములతో వాదులాడినట్లు, ఆ నాటకమున హామిల్టనును జెఫర్సనును రాష్ట్రఋణములపై ప్రాసల మాటలతో ఢీకొందురు. అప్పు లెక్కలు విని జనులు చప్పట్లు చరచుట లోకమున అదియే ప్రథమమేమో! బానిసల యజమానులైన ఆనాటి శ్వేతజాతి పెద్దల పాత్రలను నల్లవారును ఇతర వర్ణములవారును ధరించుట మరియొక విశేషము. బానిసల దుఃఖమును నాటకము చాలినంత చూపలేదని కొందరు చరిత్రకారులు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణయు న్యాయమే. ఐనను మాటయే ఆస్తిగా దీవినుండి వచ్చిన బాలుని కథను, మాటయే ఆస్తిగాగల పేదవాడల బిడ్డల సంగీతమున చెప్పుట యుక్తముగనేయున్నది.

ఈ చరిత్రను కాలినడకన చదువగోరువారికి దారి కలదు. నెవిసున జన్మస్థలమందు వస్తుప్రదర్శనశాల కలదు. న్యూయార్కు హార్లెం భాగమున ఆయన కట్టుకొన్న గ్రేంజి అను ఇల్లు రెండుమారులు చోటు మార్పబడి, 2008నుండి ఒక ఉద్యానమున నిలిచియున్నది. వాల్ స్ట్రీటు చివర ట్రినిటీ దేవాలయపు ఆవరణమున ఆయన సమాధియు, చెంతనే ఎలిజబెత్తు సమాధియు కలవు. న్యూజెర్సీ రాష్ట్రమున మన తెలుగువారు వేలకొలది నివసించుచున్నారు. వారికి వీహాకెను గట్టును ప్యాటర్‌సను జలపాతమును ఒక్క దినపు ప్రయాణములోనివి.

జమయు ఖర్చును చూచి నిలువ తేల్చుట నా వృత్తి. హామిల్టను ఖాతాలో ఖర్చులు పెద్దవి: ఇల్లాలి దుఃఖము, సైనికుని కన్నీరు, బానిసల పద్దులు, నిష్కారణముగ పోయిన ప్రాణము. జమలో ఒకే ఒక పెద్ద పద్దు కలదు. ఇచ్చిన మాటకు రాజ్యమైనను కట్టుబడవలెనని లోకమునకు ఆయన చూపెను. ఆ జమకు మూలధనము 34 పుస్తకములు. మన గ్రంథాలయపు బీరువాలలో అంతకు ఎన్నో రెట్లు కలవు. వానిని తెరచు బాలురును బాలికలును ఈ గ్రామమున వర్ధిల్లుదురుగాక!